వాకిలి ఎంతవరకు? స్టుట్‌గార్ట్‌లో ఒక తెలుగు కుటుంబం తొలి చలికాలం

జనవరి మూడో వారం, బుధవారం సాయంత్రం. జర్మనీకి కొత్తగా వచ్చినవారికి సలహాలు చెప్పే మా కేంద్రం మూసే వేళకు ఒక జంట వచ్చింది. అతని చేతిలో ఇంటి యజమాని పంపిన ఉత్తరం, ఆమె భుజం మీద నిద్రపోతున్న నాలుగేళ్ళ బాబు. "ఇల్లు ఖాళీ చేయమంటున్నారు మేడమ్" అన్నాడు, కూర్చోకుండానే.

ఉత్తరం చదివాను. ఖాళీ చేయమని అందులో ఎక్కడా లేదు. అది 'ఆబ్‌మానుంగ్', అద్దెకున్నవారికి రాతపూర్వకంగా ఇచ్చే హెచ్చరిక. పద్ధతి మార్చుకోకపోతే ఒప్పందం రద్దు దాకా వెళ్ళవచ్చని చివర ఒక వాక్యం ఉంటుంది. ఫోనులో అనువదించుకున్నప్పుడు వీళ్ళ కంట పడింది ఆ ఒక్క వాక్యమే. రెండు రాత్రులు నిద్రపోలేదట.

ఫిర్యాదులు మూడు. ఏడు వారాలుగా మెట్లు శుభ్రం చేయలేదు. రోజూ తెల్లవారుజామున తలుపు ముందు తెల్లటి పొడి పోస్తున్నారు, దానివల్ల చీమలూ ఎలుకలూ చేరతాయి. ఉదయం ఆరింటికి మెట్లదారి అంతా ఘాటైన వాసన, కింది అంతస్తువాళ్ళకు దగ్గు.

కొత్తగా వచ్చినవారికి సలహాలు చెప్పే ఈ పనిలో నాకు పద్నాలుగేళ్ళు. ఈ కేసు రాయడానికి వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. పేర్లూ వీధీ చెప్పను. అతను గుంటూరు వైపు, ఆమె కరీంనగర్ వైపు. అతనికి బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఇంజనీరు ఉద్యోగం, ఆమె మన దేశంలో ఉన్నప్పుడు బళ్ళో లెక్కల టీచరు. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి వీసాకు ముందు జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చిన రోజునుంచే ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఉంటుంది. కాగితం మీద ఇంతకన్నా మంచి స్థితి ఉండదు. అందుకే అక్టోబరులో వీళ్ళు నా పరిచయ తరగతికి వచ్చినప్పుడు, "వీళ్ళకు నాతో పెద్దగా పని పడదు" అనుకున్నాను.

ఆ తరగతి రెండు గంటలు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేసుకోవాలని, అందుకు యజమాని సంతకం చేసిన పత్రం కావాలని చెప్పాను. ప్రాణం మీదికొస్తే 112, పోలీసులకు 110, రాత్రివేళ మామూలు జ్వరానికి డాక్టరు కావాలంటే 116117. కాగితానికి, ప్యాకింగ్ చెత్తకు, వంటింటి తడిచెత్తకు, మిగిలినదానికి వేరువేరు డబ్బాలు. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా వాపసు చేస్తే 25 సెంట్లు. ఆమె శ్రద్ధగా నోట్సు రాసుకుంది. ఆ నోట్సు తర్వాత చూశాను: 25 సెంట్ల కింద రెండు గీతలున్నాయి. 'కేర్‌వోహె' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. తప్పు ఆమెది కాదు. నేనే దాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాక అది కూడా ఎవరైనా చెప్పాల్సిన సంగతేనా అనిపించేది నాకు.

కేర్‌వోహె అంటే ఊడ్చే వారం. జర్మనీ అంతటా ఉండదు. ఈ ష్వాబియా ప్రాంతం వాళ్ళకు అది ప్రాణం, మిగతా జర్మన్లకు నవ్వులాట. ప్రతివారూ తమ చెత్తను వారానికోసారి బయటికి చేర్చాలని స్టుట్‌గార్ట్ నగరం 1492లోనే నియమం పెట్టింది. ఊడవడాన్ని తప్పనిసరి చేసిన నగర నిబంధనను 1988లో ఎత్తేశారు. అయినా పద్ధతి పోలేదు, అద్దె ఒప్పందాల్లోకి చేరి కూర్చుంది. ఒకే అంతస్తులో ఉన్న ఇళ్ళవాళ్ళు వంతులవారీగా మెట్లు కడగడం చిన్న కేర్‌వోహె. వీధి వైపు కాలిబాట, పెరడు, చెత్తడబ్బాల చోటు, మంచు పడితే దాన్ని తోయడం పెద్ద కేర్‌వోహె. అది భవనంలో అందరికీ వంతు. ఈ వారం ఎవరి వంతో తెలియడానికి ఒక పలక ఉంటుంది. వంతు పూర్తయినవాళ్ళు దాన్ని పక్కింటి తలుపుకు తగిలిస్తారు. అంతే, మాటా పలుకూ అక్కర్లేదు.

నవంబరు చివర ఒక ఉదయం వీళ్ళ తలుపు పిడికి ఆ పలక వేలాడింది. నున్నటి చెక్క, పాతకాలపు అక్షరాలు, అంచున నీలం పూలు. కొత్తగా దిగారని ఎదురింటి పెద్దావిడ ఇచ్చిన కానుక అనుకున్నారు పాపం. లోపలికి తెచ్చి దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించారు. ఊరికే తీసుకుంటే బాగుండదని డిసెంబరులో ఆవిడకు ఒక డబ్బా సున్నుండలు ఇచ్చి వచ్చారు. ఆవిడ పుచ్చుకున్నారు, కృతజ్ఞతలు చెప్పారు, పలక మాట ఎత్తలేదు. తర్వాత రెండుసార్లు గోడకు చీటీలు అంటించారు. గొలుసుకట్టు చేతిరాత కావడంతో అది వీళ్ళ ఫోనుకూ కొరుకుడు పడలేదు.

ఇక తెల్లపొడి సంగతి మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. డిసెంబరు మధ్యనుంచి ధనుర్మాసం. ఆమె రోజూ పొద్దున్నే లేచి గడప ముందు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసేది. పరాయి దేశంలో మొదటి సంక్రాంతి అది. బాబుకు చూపించాలని భోగి రోజున కొంచెం పెద్దదే వేసిందట.

ఆ బుధవారం నేను చేసిన పని ఇప్పటికీ నాకు నచ్చదు. గడియారం చూసుకుంటూ, "క్షమాపణ కోరుతూ ఒక ఉత్తరం రాద్దాం, నేను సాయం చేస్తాను. ముగ్గు మాత్రం రేపటినుంచి మానేయండి. ఇక్కడ శుభ్రత విషయంలో పట్టింపు ఎక్కువ" అన్నాను. అతను తలూపాడు. ఆమె బాబును రెండో భుజం మీదికి మార్చుకుని నెమ్మదిగా అడిగింది: "అక్కా, ఊడవకుండా ముగ్గు ఎవరైనా వేస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. ఏడు వారాలుగా శుభ్రం చేయలేదని ఫిర్యాదు అందుకున్న మనిషి డిసెంబరు మధ్యనుంచి రోజూ ఊడ్చింది. ఆ భవనంలో రోజుకోసారి చీపురు పట్టిన మనిషి బహుశా ఆమె ఒక్కతే. అలాంటప్పుడు ఫిర్యాదు దేని గురించి? ఉత్తరాలు రాయడం పక్కన పెట్టి, ఇల్లు చూడాలని నిర్ణయించుకున్నాను. మామూలుగా నేను ఇళ్ళకు వెళ్ళను, ఉన్న సమయానికి కుదిరే పని కాదు.

ఎదురింటి ఆవిడతో మాట్లాడటానికి ముందుగా వేళ అడగాలి. తలుపు కొట్టి "ఒక్క నిమిషం" అనడం ఇక్కడ పనికిరాదు. ఆమె చేతే చిన్న చీటీ రాయించాను: శనివారం మూడింటికి మీకు వీలవుతుందా, మేము కొత్తవాళ్ళం, మెట్ల విషయం నేర్చుకోవాలనుకుంటున్నాం, మాతో ఒక స్నేహితురాలు వస్తారు. దాన్ని ఆవిడ ఉత్తరాల పెట్టెలో వేశారు. మర్నాడే ఒక్క మాటలో జవాబు వచ్చింది, సరేనని. మధ్యాహ్నం మూడు ఇక్కడ కాఫీకీ కేకుకీ వేళ. ఆ వేళకు పిలిపించుకున్న మనిషి మీద ఎవరూ గట్టిగా కేకలెయ్యరు. అరిసెలు తీసుకెళ్ళమన్నాను. శనివారం రెండు నిమిషాలు ముందే చేరుకుని, మూడయ్యేదాకా మెట్ల మీద నిలబడ్డాం. బాబుకు ఇది పెద్ద ఆటలా ఉంది.

ఎనభై ఏళ్ళ మనిషి. అరిసెను ఫోర్కుతో కోసుకుని తిన్నారు. పావుగంట వాతావరణం గురించి మాట్లాడాక అసలు విషయం వచ్చింది. మొదట బయటపడింది సున్నుండల కథ: ఊడవడం తప్పించుకోవడానికి ఇచ్చిన లంచమని అనుకున్నారట! దేవుడి పటాల పక్కనుంచి పలక తెచ్చి చూపించి, దాన్ని ఏమనుకున్నారో నేను వివరించాక ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు మర్యాదకు నవ్వినది కాదు.

ఆ తర్వాత లేచి, బకెట్టూ తడిగుడ్డ కర్రా తెచ్చి, మెట్ల మీద మాకు పాఠం చెప్పారు. ఫిర్యాదు దేని గురించో నాకు అక్కడ తెలిసింది. ఆమె ఊడ్చింది గడప ముందు మూడడుగుల చోటు. ఆవిడ లెక్కలో వాకిలి అక్కడితో అయిపోదు. రెండు తలుపుల మధ్య ఉన్న నేల, కింది అంతస్తు దాకా దిగే మెట్లన్నీ, చెక్క చేపట్టు, మలుపులో ఉన్న కిటికీ గట్టు, ఇదంతా వాకిలే. మన ఇళ్ళలో వాకిలి మనది. దాని అవతల వీధి, అది పంచాయతీది. ఇక్కడ మెట్లు ఎవరివీ కావు కాబట్టే అందరివీ. పైగా ఆమె ఊడ్చేది ఉదయం అయిదున్నరకు, ఎవరూ చూడని వేళ. ఇక్కడ శనివారం పట్టపగలు, బకెట్టు చప్పుడు నాలుగిళ్ళకు వినబడేలా కడగాలి. ఈ రెండోది ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. కానీ చేసినట్టు తెలియకపోతే చేయనట్టే.

ముగ్గు గురించి ఆవిడకు ఉన్న అభ్యంతరం అందానిదీ కాదు, మతానిదీ కాదు. తినే వస్తువును మెట్ల మీద పోస్తే పురుగులొస్తాయని. మనం బియ్యప్పిండే ఎందుకు వాడతామని ఆవిడ అడిగినప్పుడు ఆమె చెప్పింది, చీమలకింత ఆహారమని. ఆ మాటను జర్మన్‌లోకి మార్చి చెప్పే బాధ్యత నాది. చెప్పాను. ఆవిడ ఇంటి యజమానికి రాసిన ఫిర్యాదు సరిగ్గా అదే కదా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి కుదిరిన ఒప్పందం: మెట్ల మీద పిండి వద్దు, పెరట్లో రాళ్ళు పరిచిన చోట సుద్దముక్కతో ఎంత పెద్దదైనా వేసుకోవచ్చు. ఇక్కడ పిల్లలు కాలిబాటల మీద రంగుసుద్దలతో బొమ్మలు గీస్తూనే ఉంటారు, ఎవరూ ఏమీ అనరు. వాన పడితే పోతుంది. ముగ్గు ఎలాగూ మర్నాటికి పోవలసిందే.

మాటల మధ్యలో ఒకసారి నాకు చెమటలు పట్టాయి. అతను ఆవిడను 'డూ' అని సంబోధించాడు. జర్మన్‌లో 'డూ' నువ్వు, 'జీ' మీరు. ఆఫీసులో అందరూ అతన్ని డూ అంటారు, అతనూ అదే నేర్చుకున్నాడు. బయటికి వచ్చాక అడిగాను, "మీ ఊళ్ళో పక్కింటి మామ్మగారిని నువ్వు అంటారా?" అని. "తెలుగులో ఎందుకంటాను మేడమ్? ఇంగ్లీషులో యూ అన్నట్టే ఇదీ అనుకున్నాను" అన్నాడు. మనవాళ్ళతో నాకు తరచూ వచ్చే చిక్కు ఇదే. ఇంగ్లీషు బళ్ళో చదువుకుని, జర్మన్‌ను ఇంగ్లీషు దారిలో పట్టుకుంటారు. తెలుగులోంచి చూస్తే సగం సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. సగమే సుమా. మనకు గౌరవం వయసుతో, వరసతో వస్తుంది. ఇక్కడ దూరంతో వస్తుంది. అరవై ఏళ్ళ సహోద్యోగి డూ, బ్యాంకులో ఇరవై రెండేళ్ళ గుమాస్తా జీ. జీ నుంచి డూకి మారుదామని పెద్దవారే ముందు అనాలి. వీళ్ళ బాబు తర్వాత శిశుపాఠశాలలో చేరి, టీచరును పేరు పెట్టి పిలుస్తూ డూ అన్నప్పుడు, స్వయానా టీచరైన వాళ్ళమ్మ చెవులు మూసుకుంది.

వాసన సంగతి ఇంటి లోపలికి వెళ్తే తేలింది. ఉదయం ఆరింటికి అతని డబ్బా కోసం పప్పు తాలింపు: ఎండుమిరపకాయలు, ఇంగువ. బయట మైనస్ నాలుగు. కిటికీ తెరిస్తే బాబుకు జలుబు చేస్తుందని, పొగ పోవడానికి మెట్లవైపు తలుపు తెరిచేవాళ్ళు. వాసన వెళ్ళి కింది అంతస్తు పడకగదిలో కూర్చునేది. కిటికీలు తెరవకపోవడం వల్ల ఇంకొక నష్టం జరుగుతోంది, అది వాళ్ళకు ఇంకా తెలియదు. పడకగదిలో బయటిగోడ మూల, బీరువా వెనక, నల్లటి బూజు మొదలైంది. బియ్యం ఉడికిన ఆవిరి, కుక్కరు ఆవిరి, లోపలే ఆరేసిన బట్టల తడి, నలుగురి ఊపిరి పెట్టినా అంత తేమ రాదు. నా సంచిలో ఉన్న తేమ కొలిచే పరికరం 72 శాతం చూపించింది. 60 దాటనీయకూడదు. రోజుకు మూడుసార్లు, అయిదేసి నిమిషాలు, అన్ని కిటికీలూ బార్లా తెరవాలి. సగం వాల్చి గంటలతరబడి వదిలితే గోడ చల్లబడుతుందే తప్ప తేమ పోదు. డిసెంబరులో కిటికీ బార్లా తెరవమంటే మనవాళ్ళు నన్ను పిచ్చిదానిలా చూస్తారు. జర్మన్లు మాత్రం మంచు కురుస్తున్నా తెరుస్తారు. బూజు పడితే, ఇల్లు వదిలేటప్పుడు మూడు నెలల అద్దె దాకా ఉండే ధరావతులోంచి కోతపడవచ్చు. ఆ లెక్క చెప్పాక అతను ఆ క్షణమే వెళ్ళి కిటికీ తెరిచాడు.

అసలు కథ కిందికి దిగుతున్నప్పుడు బయటపడింది. మమ్మల్ని సాగనంపుతూ ఎదురింటి ఆవిడ అడిగారు: "మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా? ఎవరిదో పేరుతో ఉత్తరాలొస్తున్నాయి, తపాలా అమ్మాయి తిప్పి పంపేస్తోంది."

ఉత్తరాల పెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. దాని మీదా, వీధి గంట మీదా అతని ఇంటిపేరు ఒక్కటే ఉంది. పెళ్ళయినా ఆమె పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, మనవాళ్ళలో ఇది మామూలే. నగర కార్యాలయంలో నమోదు ఆమె పేరుతో సక్రమంగా జరిగింది. యజమాని ఇచ్చిన పత్రంలో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. వేలెడంత ప్లాస్టిక్ పట్టీ మీద మాత్రం ఆమె లేదు. ఇక్కడ తపాలా ఇంటి నంబరు చూసి రాదు, ఫ్లాటు నంబరు అనేది చాలా భవనాల్లో ఉండనే ఉండదు. పెట్టె మీద ఇంటిపేరు ఉంటే ఉత్తరం పడుతుంది, లేకపోతే వెనక్కి పోతుంది. గుంటూరులో అయితే పోస్ట్‌మన్ ఎదురింట్లో కనుక్కునైనా ఇచ్చి వెళ్తాడు.

మూడు నెలల్లో ఏమేం వెనక్కి వెళ్ళాయో అప్పుడు లెక్కవేశాం. ఆమె పన్ను గుర్తింపు సంఖ్య. ఆరోగ్య బీమా సంస్థ పంపిన కార్డు. డిసెంబరులో పంటి నొప్పితో వెళ్తే కార్డు లేదని డాక్టరు దగ్గర గంటన్నర కూర్చోబెట్టారట. ఆమె అది తన జర్మన్ రాకపోవడం వల్ల అనుకుంది. బాబు ఉత్తరాలు మాత్రం వచ్చాయి, వాడిది నాన్న ఇంటిపేరు కదా. పిల్లల భత్యానికి దరఖాస్తు ఆమె పేరుతో పెట్టారు. తల్లి పన్ను సంఖ్య లేక అది అక్కడే ఆగింది. భర్త ఆఫీసులో పడి దీన్నెవరూ గమనించలేదు. "ఈ దేశంలో నాకు ఉత్తరాలే రావు అక్కా, అన్నీ ఈయనకే" అని ఆమె అక్టోబరులోనే నాతో నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. ఆ మాట నాకు ఇప్పుడు ఆ ఉత్తరాల పెట్టె ముందు గుర్తొచ్చింది.

ఆ రోజే కాగితం మీద రెండు ఇంటిపేర్లూ రాసి పెట్టెకూ గంటకూ అంటించాం. సరైన పట్టీ కోసం భవనం బాధ్యుడికి చెప్పాం. సోమవారం బీమా సంస్థకు ఫోను చేస్తే, కార్డు వచ్చేదాకా చెల్లే తాత్కాలిక ధ్రువపత్రాన్ని గంటలో డాక్టరుకు పంపించారు. పన్ను సంఖ్య మళ్ళీ పంపమని అడిగాం. ఇంటి యజమానికి ఉత్తరం రాశాం గానీ, బుధవారం నేను అనుకున్న క్షమాపణ పత్రం కాదు. ఏం జరిగింది, ఇకమీదట ఏం చేస్తారు, పక్కింటివారితో ఏం ఒప్పుకున్నారు, అంతే, ఒక పేజీ.

కథ అక్కడితో సుఖాంతం అయిందనుకోకండి. వీళ్ళ మొదటి వంతు ఫిబ్రవరిలో వచ్చింది. శనివారం అతిథులు రావడంతో అతను ఆదివారం ఉదయం వాక్యూమ్ క్లీనరు పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. ఉత్సాహం! ఆదివారం విశ్రాంతిని ఇక్కడ రాజ్యాంగమే కాపాడుతుంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణను 1949 మూలచట్టం, అంటే ఇప్పటి జర్మన్ రాజ్యాంగం, అలాగే తనలో కలుపుకుంది. దుకాణాలు మూత, గోడకు మేకు కొట్టడం నిషిద్ధం, గాజుసీసాలు వీధి డబ్బాలో వేయడం కూడా తప్పే. అక్టోబరు తరగతిలో ఆదివారం గురించి చెప్పాను. కేర్‌వోహె గురించి శనివారం నేర్చుకున్నారు. ఈ రెండూ ఒకే మెట్ల మీద కలుసుకుంటాయని నాకు తట్టలేదు. ఈసారి ఎదురింటి ఆవిడ చీటీ అంటించలేదు, తలుపు తీసి నోటితోనే చెప్పారు. నాకైతే అది ముందడుగే. స్నేహం మాత్రం కలవలేదు. ఇంగువ వాసన మీద ఆవిడ ఇప్పటికీ ముక్కు చిట్లిస్తారు. మంచు తోసే పార నేలమాళిగలో ఎక్కడుందో, ఉదయం ఏడింటికల్లా కాలిబాట ఎందుకు శుభ్రంగా ఉండాలో (ఎవరైనా జారిపడితే బాధ్యత వంతు ఉన్నవాళ్ళది) ఆవిడే చూపించారు.

నా పద్ధతిలో మార్చుకున్నవి రెండు. పద్నాలుగు పేజీల కరపత్రం ఇవ్వడం మానేశాను. మొదటి భేటీకి వచ్చేవాళ్ళను మూడు ఫోటోలు తెమ్మంటున్నాను: ఉత్తరాల పెట్టె, వీధి గంట, తలుపు బయటి నేల. గత ఏడాదిలో ఆ మొదటి ఫోటోలోనే భార్య పేరు లేని తెలుగు ఇళ్ళు ఇంకా కనిపించాయి. తమిళుల ఇళ్ళలో చిక్కు మరో రకం, వాళ్ళకు ఇంటిపేరే ఉండదు. అది వేరే కేసు.

మార్చి మొదటివారంలో ఆమె నాకొక ఫోటో పంపింది. ఉత్తరాల పెట్టెలో ఆమె పేరుతో పడిన మొట్టమొదటి ఉత్తరం. రేడియో, టీవీ ప్రసారాల రుసుము కట్టమని, నెలకు 18.36 యూరోలు. ఒక ఇంటికి ఒకరు కడితే చాలు, భర్త ఖాతా సంఖ్య రాసి పంపితే సరిపోతుందని జవాబిచ్చాను. "తెలుసక్కా, ఆయన కడుతున్నారు. నా పేరు చూడండి, ఒక్క అక్షరం కూడా తప్పు లేదు" అని రాసింది.